తంజావూరు పటము

తంజావూరు పటమును పట్టపగటి వెలుతురున చూచినవారు దాని అందమును సగమే చూచినవారగుదురు. వెలుగు తక్కువగా నుండు పూజాగృహములకును, భజన మందిరములకును తగిన చిత్రమది. నూనెదీపపు వత్తి కొంచెము కదలినచో బాలకృష్ణుని హారము, భుజకీర్తులు, వెనుకనున్న తోరణము ఒకదాని వెంట నొకటి మెరసి మరల నీడలోనికి పోవును. పసుపురంగు ఎంత పూసినను ఈ పని చేయజాలదు. అందులకే ఆ చిత్రకారులు రంగుతోబాటు గుడ్డ, సుద్ద, బంక, రాళ్లు, బంగారు రేకు మున్నగువానిని ఒక్క పలకపై చేర్చిరి.

ఈ కళ తమిళదేశమునందు పెరిగినను దాని వేళ్లలో కొన్ని తెలుగువారివి. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము ఓడిన పిదప, ఆదరించువారు కరవై చిత్రకారులు పలువురు దక్షిణమునకు తరలిరి. తంజావూరును అప్పుడు తెలుగు నాయకరాజులు పాలించుచుండిరి. రాజులు అను తెలుగు చిత్రకారుల కుటుంబములు అచ్చట పేరు గాంచినవి. తరువాతి మరాఠా ప్రభువులలో రెండవ శరభోజి (1798–1832) కాలమున ఈ కళ మిక్కిలి ఆదరము పొందెను.

పని పలకతో ఆరంభమగును. పూర్వము పనసచెక్క వాడుచుండిరి. నేడు ప్లైవుడ్ వచ్చినది. పలకపై గుడ్డ నతికించి, సుద్దపొడిని బంకతో కలిపి పూతలు పూసి, ఆరిన పిదప నునుపుగా రుద్దుదురు. పటము పూర్తియైన తరువాత ఈ పూత ఎవరి కంటను పడదు. కాని దానిని తొందరపడి చేసినచో కొన్నియేండ్లకు పైనున్న బంగారమే బీటలు వారును.

తరువాత బొమ్మను పలకపైకి దింపవలెను. దీనికి పాత ఉపాయము చిల్లుల కాగితము. కాగితముపై బొమ్మ గీసి, గీతల వెంబడి సూదితో సన్నని చిల్లులు పొడిచి, దానిని పలకపై పరచి, బొగ్గుపొడి కట్టిన గుడ్డమూటతో మెల్లగా తట్టుదురు. కాగితము తీయగానే చుక్కల బొమ్మ కనబడును. ఆ చుక్కలను కుంచెతో కలుపుదురు. రవికెలపై మగ్గముపని చేయువారు నేటికిని ఇట్టి కాగితమునే వాడుచున్నారు. అట్టి కాగితమొకటి భద్రముగా నున్నచో తాత గీసిన కృష్ణుని మనుమడును దింపుకొనవచ్చును. మరి మూసలో పోసిన పనియందు కళ యేమున్నదని అడుగువారు కలరు. ప్రశ్న సహజమే. కాని కన్ను ఎచ్చట ఉండవలెనో చుక్కలు చెప్పును. అది ఎట్లు చూడవలెనో చెప్పవు.

నగలు, సింహాసనము ఉండు చోట్ల సుద్ద, బంక కలిపిన ముద్దను కుంచెతో పెట్టి ఉబ్బెత్తుగా పెంచుదురు. రాళ్లు పొదుగుదురు. ఆపై బంగారు రేకును పరచి, ప్రతి మిట్టకును పల్లమునకును అంటునట్లు మెత్తగా అదుముదురు. దీపపు వెలుగు అటునిటు పరుగెత్తుట ఈ మిట్టపల్లముల వలననే. చదునైన రేకు ఒక్కమారు మెరసి ఊరకుండును.

సంప్రదాయముగా వాడునది 22 క్యారట్ల రేకు. దాని ధర చూచి ఇత్తడివన్నె రేకులతికి అమ్మువారును కలరు. క్రొత్తలో తేడా కనిపెట్టుట కష్టము. గాలియు తేమయు బంగారమును చెరుపలేవు. రాగి కలసిన రేకు క్రమముగా నల్లబడును. ఇంట పూజలు జరుగుచుండగనే దేవుని కిరీటము మాసిపోవుచుండును, అమ్మినవాడు మాత్రము అప్పుడు ఎదుట నుండడు. 2007–08లో తంజావూరు చిత్రములకు భౌగోళిక గుర్తింపు లభించెను గాని, ఆ గుర్తింపు ప్రతి రేకును గీచి చూడజాలదు గదా!

బంగారుపని ముగిసిన పిదపనే రంగులు వేయుదురు. వస్త్రములు, తెరలు, నేపథ్యము శిష్యులు పూయవచ్చును. ముఖము మాత్రము సాధారణముగా గురువు చేతికే విడుతురు. దానికి కావలసినది సన్నని కుంచె, కొంచెము నల్లరంగు. ఆ పటమునకు పట్టు పదార్థములన్నిటిలో వెల తక్కువైనది అదియే.