ఒక కాలువ, రెండు గొంతులు

రాజకీయం మాట్లాడేవాడు అబద్ధం చెబితే పట్టుకోవచ్చు. నిజమే చెబుతూ సగంలో ఆపేస్తే పట్టుకోవడం కష్టం. న్యూజెర్సీలో ఆఫీసుకు పోతూ వస్తూ ఏళ్ల తరబడి టాక్ రేడియో విన్నాక నాకు తెలిసివచ్చిన సంగతి ఇది. ఆ అలవాటైన చెవితోనే ఇప్పుడు మా చిత్తూరు వైపు రాజకీయం కూడా వింటున్నాను.

అమెరికా రేడియో మొదటినుంచీ ఇప్పటిలా లేదు. 1949లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఒక నియమం పెట్టింది. జనానికి సంబంధించిన వివాదాల మీద స్టేషన్లు మాట్లాడాలి, మాట్లాడినప్పుడు అవతలి వాదనకూ చోటివ్వాలి. పెన్సిల్వేనియాలోని ఒక చిన్న స్టేషన్లో ఒక మతబోధకుడు ఫ్రెడ్ కుక్ అనే జర్నలిస్టును దుమ్మెత్తిపోశాడు. జవాబు చెప్పుకోవడానికి తనకూ సమయం ఇమ్మని కుక్ అడిగాడు. స్టేషన్ ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1969లో కోర్టు ఆ నియమాన్నే నిలబెట్టింది. 1987లో కమిషనే దాన్ని ఎత్తేసింది. మరుసటి ఏడాదే రష్ లింబా కార్యక్రమం దేశమంతటా మొదలైంది. రోజుకు మూడు గంటలు, ఒకే పక్షం. శ్రోతల ఫోన్లూ తీసుకునేవారు. కానీ టాక్ రేడియోకు ఫోన్ చేసిన ప్రతివాడి గొంతూ బయటికి రాదు. లోపల ఒక మనిషి ముందుగా మాట్లాడి, ఎవరిని పంపాలో, ఎవరిని ఆపాలో జల్లెడ పడతాడు. వినేవాడికి మాత్రం దేశమంతా ఆ ఒక్క మాటే అంటున్నట్టు ఉంటుంది.

మన దేశంలో అలాంటి రేడియోకు అనుమతే లేదు. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించవచ్చు, అంతే. ఆకాశవాణి సంగతా? ఎమర్జెన్సీలో అది ఎవరి గొంతయిందో పెద్దవాళ్లకు గుర్తుంది. ఎన్నికలప్పుడు పార్టీలకు అందులో మాట్లాడే సమయం 1977 నుంచి దక్కింది. వాయుతరంగాలు ప్రజల సొత్తని 1995లో మన సుప్రీంకోర్టు చెప్పినా, పుంగనూరు రైతు తన ఊరి రాజకీయం తన ఊరి రేడియోలో మాట్లాడుకోలేడు. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం.

ఆ ఖాళీలోకి టీవీ చర్చలూ, పొద్దున్నే పేపర్లు చదివి వ్యాఖ్యానం చెప్పే కార్యక్రమాలూ, యూట్యూబూ వచ్చి కూర్చున్నాయి. బొమ్మ ఉన్నా నా దృష్టిలో అవి రేడియోలే. మదనపల్లె టమాటా మార్కెట్లో మా మామ ఫోన్ జేబులో వేసుకుని, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని వింటాడు. నేను ఇక్కడ కారులో అదే వింటాను. తెర ఇద్దరమూ చూడం.

వీటిలో ఎవరిది ఏ పక్షమో తేల్చడానికి జనం దగ్గర రంగులున్నాయి. తెలుగుదేశం వైపైతే పచ్చ మీడియా, వైఎస్సార్సీపీ వైపైతే నీలి మీడియా. ఈ పేర్లు పెట్టుకున్నాక ఇక వినడం ఆగిపోతుంది, అదే నా బాధ. సాక్షి జగన్మోహన్ రెడ్డి కుటుంబానిదని 2008లో పుట్టిన రోజు నుంచీ అందరికీ తెలుసు. తెలిసిన పక్షపాతాన్ని తూకం వేసుకుని వినవచ్చు. ‘నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు’ అని మొదలుపెట్టేవాడి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

నేను ఒకే ఒక్క విషయం తీసుకుని రెండు వైపులా వింటాను. మా ప్రాంతానికి అలాంటి విషయం ఒకటుంది, హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం. శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల దగ్గర ఎత్తిపోసి, మెట్టు మెట్టుగా పైకెక్కించి, అనంతపురం జిల్లా దాటించి, పుంగనూరు బ్రాంచి కాలువలో మదనపల్లె వైపుకు, పుంగనూరుకు తేవాలి. అక్కణ్ణుంచి కుప్పం బ్రాంచిలోకి మళ్లించాలి. మూడు ఊళ్లకూ ఒకటే నీరు.

2024 ఫిబ్రవరి 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి కుప్పం నియోజకవర్గంలో ఈ నీళ్లు విడుదల చేశారు. 2025 ఆగస్టు 30న, 1989 నుంచి కుప్పం ఎమ్మెల్యేగా ఉన్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అదే కుప్పంలో కృష్ణమ్మకు జలహారతి ఇచ్చారు. మొదటిది నాటకమని తెలుగుదేశం అంది. రెండోది తాము చేసిన పనికి చంద్రబాబు తన పేరు పెట్టుకోవడమని వైఎస్సార్సీపీ వాదన.

ఇప్పుడు వినండి. ఒకచోట మొదటి తేదీ ఊసే రాదు, వచ్చినా పక్కన ‘నాటకం’ అనే మాట లేకుండా రాదు. ఇంకోచోట రెండో తేదీకి అదే గతి. చర్చకు పిలిచిన నలుగురిలో ముగ్గురు ఒక వైపు వాళ్లు, నాలుగోవాడు మాట్లాడబోతే యాంకర్ గొంతు లేస్తుంది. అన్నిటికన్నా నేను పట్టించుకునేది ఎవరూ అడగని ప్రశ్నలను. ఏడాదికి ఎన్ని రోజులు మోటార్లు నడుస్తాయి? కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఎన్ని చెరువులు నిండాయి? పుంగనూరు దగ్గర ఎంత వాడుకుంటే కుప్పానికి ఎంత మిగులుతుంది? గంటల కొద్దీ విన్న చర్చల్లో ఆయకట్టు అనే మాట నాకు వినపడలేదు. ఆ విషయంలో రెండు పక్షాలూ ఒకటే.

కుప్పం దగ్గర ఉండే మా చెల్లెలు ఫోన్లో అంది: “అన్నా, నీళ్లు ఎవురు ఇడిసినారని మీరు ఆడ కూచోని కొట్లాడతా ఉండారు. మా చెరువుకు ఎన్ని దినాలు వచ్చినాయని ఒకరన్నా అడిగినారా?”

వినే అవకాశమే పోయిన రోజులూ ఉన్నాయి. 2019 తర్వాత ఏబీఎన్, టీవీ5 ఛానళ్లు రాష్ట్రంలో కేబుల్‌లో ఆగిపోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక సాక్షి, టీవీ9, ఎన్టీవీల వంతు వచ్చింది, విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. అప్పుడు ఏడ్చినవాళ్లు ఇప్పుడు నవ్వారు, అప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు ఏడ్చారు. రెండుసార్లూ తప్పే అన్నవాళ్లు మా ప్రవాస స్నేహితుల్లో చాలా తక్కువ మంది.

ఇక ఇక్కడ తెలుగు ఇంటర్నెట్ రేడియోలు, ఎక్స్ (ట్విట్టర్) స్పేస్‌లు నడిపే మిత్రులకు ఒక విన్నపం. అమెరికాలో ప్రసార స్టేషన్ ఒక అభ్యర్థికి సమయం ఇస్తే పోటీదారుకూ ఇవ్వాలి. డబ్బు తీసుకుని వేసిన దానికి ఎవరు డబ్బిచ్చారో చెప్పాలి. ఈ చట్టం ఇంటర్నెట్‌కు వర్తించదు, కాబట్టి మనకు మనమే పెట్టుకోవాలి. కార్యక్రమం ఖర్చు ఎవరిదో మొదట్లోనే చెప్పండి. మాట్లాడించేవారు ఏ పార్టీకి పనిచేశారో దాచకండి. అవతలి పక్షం మనిషి మాట పూర్తయ్యేదాకా మ్యూట్ చేయకండి. నీళ్ల మీద చర్చ పెట్టిన రోజు కుప్పం రైతుకో, పుంగనూరు రైతుకో ఒక ఫోన్ చేయండి. వేసవిలో అక్కడ పొద్దున ఏడయితే న్యూజెర్సీలో ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర, ఇద్దరికీ తీరికే.