మా బోర్డు మీద పట్టని ఐదు కిలోమీటర్లు

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మేము ముగ్గురం. విశాఖలో ఒకే హాస్టల్, ఒకే రూము. ముగ్గురిదీ అరకు వైపు ఒకే పంచాయతీ. కొందరికి క్రికెట్ పిచ్చి, కొందరికి సినిమా హీరోల పిచ్చి. మాకు రైళ్ళూ బస్సులూ. ఇంట్లో చెప్తే నవ్వుతారు. "చదువుకోమని పంపితే బొమ్మ బళ్ళతో ఆటలేటిరా" అని మా అమ్మల మాట.

ఈ పిచ్చి ఇప్పుడు పట్టింది కాదు. చిన్నప్పుడు పశువుల్ని తోలుకుని కొండెక్కితే కింద కొత్తవలస-కిరండూల్ లైను కనిపించేది. ఇనుప రాయి మోసుకొచ్చే గూడ్సు సొరంగంలోంచి బయటికొస్తే ఒకడు ఇంజన్లు లెక్కపెట్టాలి, ఇద్దరు వ్యాగన్లు లెక్కపెట్టాలి. ఇద్దరి లెక్కా ఎప్పుడూ కలిసేది కాదు. ఆ లైను 1960లలో వేశారని, బైలడిల్లా ఇనుప రాయిని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికే వేశారని మాకు కాలేజీకి వచ్చాకే తెలిసింది. 1980ల చివర్లో జపాన్ హిటాచీ ఇంజన్లు కూడా ఈ లైనుకే వచ్చి ఆ రాయిని లాగాయి. మన కొండలోంచి రాయి అటు వెళ్ళింది, ఆ దేశం నుంచి ఇంజన్ ఇటు వచ్చింది.

హాస్టల్లో చేరాక యూట్యూబ్‌లో మోడల్ రైల్వేలు చూశాం. విదేశాల్లో పెద్దోళ్ళు, రిటైరైన వాళ్ళు కూడా గదంతా పట్టాలు పరిచి, చిన్న చిన్న స్టేషన్లు, చెట్లు, మనుషులు పెట్టి రైళ్ళు నడుపుతారు. ఒక్క ఇంజనే వేలల్లో ఉంటుంది. అది మన వల్ల అయ్యే పని కాదు. అందుకని మేమే చేద్దామనుకున్నాం. పాత ప్లైవుడ్ ముక్క, అట్టపెట్టెలు, థర్మోకోల్, ఫెవికాల్.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాం, విసుక్కోకండి. ఎక్కువ మంది వాడే కొలత పేరు హెచ్.ఓ. అంటే 87 వంతుల్లో ఒక వంతు. షాపుల్లో దొరికే హెచ్.ఓ. పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది విదేశాల్లో ఎక్కువగా ఉండే 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19 దాటుతుంది. అంటే కొనుక్కొచ్చిన పట్టాల మీద మన రైలు పెడితే కాళ్ళు దగ్గరికి కట్టేసినట్టు ఉంటుంది. మావి చీపురు పుల్లల పట్టాలు కాబట్టి ఆ బాధ లేదు, 19 కొలిచి అతికించాం. స్లీపరు 2.75 మీటర్లు, బొమ్మలో మూడు సెంటీమీటర్ల పైన కొంచెం. అగ్గిపుల్ల తల తీసేసి కాస్త కోస్తే సరిగ్గా సరిపోయింది. టీ తాగి పడేసిన పేపరు గ్లాసులకి అడుగు కోసేసి సొరంగాలు చేశాం. అసలు లైనులో 58 సొరంగాలున్నాయి. మా బోర్డు మీద నాలుగు పట్టాయి.

ఒక రాత్రి కరెంటు పోతే ఫోన్ లైటు వేసుకుని ఇంకో లెక్క వేశాం. శిమిలిగుడ స్టేషన్ సముద్రం కంటే దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. దాన్ని 87తో భాగిస్తే పదకొండున్నర మీటర్లు. అంటే సముద్రాన్ని నేల మీద పెడితే శిమిలిగుడని మా హాస్టల్ మేడ మీద పెట్టాలి. మరి లైను మొత్తం? కొత్తవలస నుంచి కిరండూల్ దాదాపు 445 కిలోమీటర్లు. 87తో భాగిస్తే ఐదు కిలోమీటర్ల పైన కొంచెం.

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బస్సు దిగే జంక్షన్ నుంచి మా ఊరికి నడిచే దూరం కూడా ఐదు కిలోమీటర్లే.

రైలు అయ్యాక పేస్టు డబ్బాతో పల్లెవెలుగు బస్సు చేశాం. అసలు బస్సు పదకొండు మీటర్లనుకుంటే బొమ్మ పన్నెండున్నర సెంటీమీటర్లు. ముందు బోర్డు, వెనక నిచ్చెన, పైన కాఫీ గింజల మూటలు, ఒక పనసకాయ. ఘాట్ రోడ్డు మీద నిలబెట్టి ఫోటోలు తీసుకుంటుంటే, పక్క రూములో డిగ్రీ ఫస్టియర్ తమ్ముడొకడు వచ్చి చూసి, "అన్నా, ఈ బస్సు ఎందాక ఎల్తాది?" అన్నాడు.

బోర్డు చివరి దాకా అన్నాం. "మరి ఊరేదన్నా?" అన్నాడు. నిజమే. స్టేషన్ పెట్టాం, సొరంగాలు పెట్టాం, టూరిస్టులు ఎక్కే అద్దాల బోగీ కూడా పెట్టాం. మా ఊరు పెట్టలేదు. బోర్డు జంక్షన్ దగ్గరే అయిపోయింది.

మా ఊరికి ఒకప్పుడు నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి వచ్చి రచ్చబండ దగ్గర ఆగేది. డ్రైవరుగారు, కండక్టరుగారు స్కూలు వరండాలో పడుకునేవారు. చలికాలం మా ఇళ్ళ నుంచి నిప్పులు పట్టుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. పొద్దున ఐదున్నరకి హారన్ కొడితే ఊరికి అదే అలారం. ఒక ఏడాది వానలకి కల్వర్టు కొట్టుకుపోయింది. బస్సు జంక్షన్ నుంచే వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. మార్చి వచ్చినా కల్వర్టు అలాగే ఉంది.

ఆ మార్చిలో మాలో ఒకడి ఇంటర్ పరీక్షలు. జ్వరమొచ్చి ఇంటికొచ్చాడు. మర్నాడు లెక్కల పేపరు. తెల్లారకముందే లేచి వాళ్ళ నాన్నతో టార్చి పట్టుకుని ఆ ఐదు కిలోమీటర్లు నడిచాడు. జంక్షన్‌కి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. సర్వీస్ జీపు నిండేదాకా కదల్లేదు. సెంటర్‌కి చేరేసరికి గేటు వేసేశారు. సప్లిమెంటరీలో రాసి పాసయ్యాడు, ఏడాది పోలేదు. కానీ గేటు బయట ఆ నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డది వాడు ఇప్పటికీ చెప్పలేడు. ఈ పేరా రాసేటప్పుడు కూడా లేచి బయటికెళ్ళాడు.

బస్సు గురించి వెతుకుతుంటే ఒక విషయం తెలిసింది. ఇప్పటి ఆర్టీసీ మూలం రైల్వేలోనే ఉంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళే రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులతో మొదలుపెట్టారు. బస్సు రైలుకి తమ్ముడన్నమాట. అన్న కొండ తొలుచుకుని పోగలడు, కానీ ఊళ్ళోకి రాలేడు. ఊళ్ళోకి రావాల్సింది తమ్ముడే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి పల్లెవెలుగులో టికెట్ సున్నా. మా అక్కలు చాలా సంతోషపడ్డారు. కానీ ఆ సున్నా టికెట్ కోసం ముందు ఐదు కిలోమీటర్లు నడవాలి, నెత్తి మీద మూటతో. గర్భిణీ అయితే డోలీలో.

మొన్న వేసవి సెలవుల్లో మా పిచ్చిని పనిలో పెట్టాం. రైలు పిచ్చోళ్ళకి నోటుబుక్కు అలవాటు, నెంబర్లూ టైములూ రాసుకుంటారు. మేము జంక్షన్‌లో చింతచెట్టు కింద వంతులేసుకుని కూర్చున్నాం. బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎంతమంది దిగారు, అందులో మన రోడ్డు మీద నడిచి వెళ్ళింది ఎంతమంది, ముసలాళ్ళెంతమంది, చంటిపిల్లలతో ఎంతమంది. ముప్పై రోజులు రాశాం. మొదట్లో ఊళ్ళో నవ్వారు. పది రోజులయ్యాక మా చిన్నాన్నే మజ్జిగ తెచ్చిచ్చి "ఈరోజు ఎంతమందిరా" అని అడగడం మొదలెట్టాడు. ఆ లెక్కంతా అర్జీకి జతచేసి, ఊరి వాళ్ళ సంతకాలు, వేలిముద్రలతో ఇచ్చాం. ఇంతకు ముందు అర్జీల్లో "చాలా ఇబ్బంది పడుతున్నాం" అని మాత్రమే ఉండేది. ఈసారి రోజుకి ఎంతమంది, ఏ టైముకి అని ఉంది.

ఏమైందంటే, వాగులో తూములు వేసి మట్టి పోశారు. ఇప్పుడు సంత రోజు మాత్రం బస్సు ఊళ్ళోకి వస్తోంది. నైట్ హాల్ట్ ఇంకా రాలేదు. వచ్చే వానకి ఆ మట్టి ఉంటుందో లేదో కూడా చెప్పలేం. అందుకే నోటుబుక్కు ఆపలేదు. ఇప్పుడు ఊళ్ళో తొమ్మిదో తరగతి చదివే చెల్లి రాస్తోంది, మా కంటే అక్షరాలు బాగుంటాయి.

బోర్డు పక్కన ఇంకో అట్టముక్క అతికించాం. రచ్చబండ, స్కూలు వరండా, చింతచెట్టు పెట్టాం. కొలత ప్రకారం ఐదు కిలోమీటర్లంటే 57 మీటర్లు కావాలి, మా వరండా చాలదు. అందుకే కొలత తప్పినా ఊరు పెట్టేశాం. పేస్టు డబ్బా బస్సు ఇప్పుడు రాత్రిళ్ళు అక్కడే ఆగుతోంది.

మీ ఊరికి బస్సు ఎందాక వస్తుంది? అక్కడి నుంచి ఎన్ని కిలోమీటర్లు నడుస్తారు? రాయండి. నోటుబుక్కులో గళ్ళు ఎలా గీయాలో కావాలంటే మాది ఫోటో పెడతాం. తప్పులుంటే అన్నలు, అక్కలు సరిదిద్దండి. జోహార్.