బ్రేకు తొక్కితే ఆగిపోయిన ఇంజను

ఉద్యోగ విరమణ తర్వాత కూడా కొన్నేళ్ళ పాటు వారానికి రెండు రోజులు ఒంగోలు నుండి చీమకుర్తికి కారులో వెళ్ళి రోగులను చూసేవాడిని. ఇరవై కిలోమీటర్ల దూరం. ఆ దారిలో మీరు ప్రయాణించి ఉంటే రామతీర్థం క్వారీల నుండి వచ్చే రాతి దిమ్మెలను మోసే లారీలను చూసే ఉంటారు. నలుపులో బంగారు రవ్వలు మెరిసే ఆ గెలాక్సీ గ్రానైటు దేశదేశాలకు వెళుతుంది. అటువంటి లారీ ఒకటి వెనుక వస్తుండగా, ఊరి మొదట్లో వేగనిరోధకం దగ్గర బ్రేకు తొక్కాను. ఇంజను ఆగిపోయింది. లారీ డ్రైవరు చాకచక్యం వలన ఈ వ్యాసం వ్రాయగలుగుతున్నాను.

కారు పాతది, పెట్రోలుది. ఒక పెద్ద షెడ్డులో చూపించాను. పరీక్షా యంత్రం తగిలిస్తే ‘పీ 0171’ అనే సంకేతం వచ్చింది. ఇంజనులోకి వెళ్ళే మిశ్రమంలో గాలి పాలు ఎక్కువై పెట్రోలు పాలు తగ్గిందని దాని అర్థం. “చీమకుర్తి దుమ్ము సార్, అంతే” అన్నారు. గాలి వడపోత మార్చారు, థ్రోటిల్ శుభ్రం చేశారు, పెట్రోలు పంపు కూడా మార్చారు. దుమ్ము మాట నిజమే కనుక నేనూ నమ్మాను. నాలుగవ రోజున కారు మళ్ళీ ఆగింది.

ఈసారి చీమకుర్తిలోనే ఒక చిన్న షెడ్డుకు తీసుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు బానెట్టు ఎత్తలేదు. చేతులు తుడుచుకుంటూ, “ఎప్పుడు ఆగుతుంది డాక్టరు గారూ?” అన్నాడు.

“అప్పుడప్పుడు” అన్నాను.

“అప్పుడప్పుడంటే? బండి కదులుతున్నప్పుడేనా, నిలబెట్టి ఉన్నప్పుడు కూడానా? ఏసీ వేస్తేనా? క్లచ్చి తొక్కినా ఆగుతుందా? బ్రేకు తొక్కితేనా, ఊరికే ఎక్సలేటరు వదిలితేనా?”

నాకు సిగ్గు వేసింది. నలభై సంవత్సరాల పాటు ఏ రోగి ‘అప్పుడప్పుడు’ అన్నా నేను ఊరుకోలేదు. నా కారు విషయంలో నేనూ అదే సమాధానం చెప్పాను.

అతడు కారును న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకు లాగి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా నన్ను బ్రేకు తొక్కమన్నాడు. పెడల్ దగ్గర ‘సుయ్’ మని గాలి శబ్దం వచ్చింది. ఇంజను వణికి ఆగింది. మూడు సార్లు తొక్కితే మూడు సార్లూ ఆగింది. తర్వాత బ్రేకు బూస్టరుకు వెళ్ళే వ్యాక్యూమ్ గొట్టాన్ని ఊడదీసి దాని చివర బిగుతుగా మూసివేశాడు. ఇప్పుడు బ్రేకు తొక్కినా ఇంజను చలించలేదు. “ఇలా రోడ్డెక్కకూడదు సార్, బ్రేకు రాయిలా ఉంటుంది. ఇది చూసుకోవడానికే” అన్నాడు. బూస్టరు మార్చాక ఆ కారు మళ్ళీ ఆగలేదు.

జరిగినది ఏమిటో చెబుతాను. పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకునేటప్పుడు ఆ గాలి వెళ్ళే మార్గంలో పీడనం బయటి వాతావరణ పీడనం కంటె తగ్గుతుంది. ఆ చూషణశక్తినే ఒక గొట్టం ద్వారా బూస్టరుకు అందిస్తారు. బూస్టరు లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. మన ఛాతీకీ పొట్టకూ నడుమనున్న కండరపు పొరకు ఇంగ్లీషులో ఉన్న పేరే దీనికీ ఉంది: డయాఫ్రమ్. బ్రేకు తొక్కగానే ఆ పొరకు ఒక వైపున బయటి గాలి చేరుతుంది. రెండో వైపున పీడనం తక్కువ కనుక పొర ముందుకు కదిలి మన కాలి బలానికి తన బలాన్ని జోడిస్తుంది. ఆ పొర చిరిగితే, లోనికి వచ్చిన గాలి చిరుగు ద్వారా ఇంజనులోకి పోతుంది. లెక్కకు రాని ఆ గాలి వలన మిశ్రమం పలుచబడుతుంది. వేగంగా తిరిగే ఇంజను దానిని తట్టుకుంటుంది. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు అంత నిల్వశక్తి ఉండదు, అందుచే ఆగిపోతుంది. యంత్రం చూపిన సంకేతం తప్పు కాదు. గాలి ఎక్కువైందని అది చెప్పింది కాని, ఎప్పుడు ఎక్కువవుతున్నదో చెప్పలేదు.

నిలబెట్టిన కారులో బ్రేకు తొక్కినా ఆగకుండా, వేగం తగ్గించేటప్పుడు మాత్రమే ఆగితే కారణం వేరు కావచ్చు. థ్రోటిల్‌లో పేరుకున్న మడ్డిని, ఇంజను నిదాన వేగాన్ని కాపాడే కవాటాన్ని అప్పుడు అనుమానించాలి. డీజిలు కార్లలో చూషణకు వేరే పంపు ఉంటుంది కనుక ఈ తర్కం వాటికి పూర్తిగా వర్తించదు. రోడ్డు మీద ఇంజను ఆగిపోతే బ్రేకును పదే పదే తొక్కి వదలకండి. బూస్టరు బాగుంటే అందులో ఒకటి రెండు సార్లకు సరిపడే చూషణశక్తి మిగిలి ఉంటుంది. బూస్టరే చెడిపోతే అదీ ఉండదు, పెడల్ గట్టిగా తగులుతుంది. ఏదైనా బలంగా, ఎడతెగకుండా నొక్కి ఉంచండి. స్టీరింగు బరువెక్కుతుంది. బండి పూర్తిగా నిలిచే వరకు తాళంచెవి తీయకండి, స్టీరింగు బిగుసుకుపోవచ్చు.

వైద్యుడికి కారు గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఆ వారమే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చారు. డెబ్బది దాటిన మనిషి, కుడి చేతికి పిండికట్టు. మూడు నెలలలో మూడవసారి పడ్డారు. మొదటిసారి పడినపుడు ఇంట్లోవారు “వయసు” అన్నారు. నేను కూడా మనసులో అదే అనుకుని, తల తిరుగుడుకు మాత్రలు వ్రాశాను. రెండవసారి మెదడుకు స్కాన్ తీయించాను. దానిలో ఏ లోపమూ లేదు. ‘దుమ్ము’ అన్నట్లే ‘వయసు’ కూడా అబద్ధం కాదు. కాని ఆ మాట అన్న తర్వాత ఇక ఎవరూ ప్రశ్న వేయరు.

“మాస్టారూ, సరిగ్గా ఎప్పుడు పడుతున్నారు?” అని ఆ రోజు అడిగాను.

ఆయన ఆలోచించి, “తెల్లవారుజామున, మంచం మీద నుండి లేచి రెండడుగులు వేయగానే” అన్నారు. మూడు సార్లూ అంతే.

ఆయనను అయిదు నిమిషాలు పడుకోబెట్టి రక్తపుపోటు చూశాను. 150/86. నిలబెట్టి ఒక నిమిషానికి చూస్తే 118/70. మూడు నిమిషాలకు ఇంకొంచెం తగ్గింది, ఆయన బల్ల పట్టుకున్నారు. మనం లేచి నిలబడినపుడు అర లీటరు నుండి లీటరు వరకు రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. మెడలోను, గుండె దగ్గర బృహద్ధమనిలోను ఉండే గ్రాహకాలు దానిని గుర్తించగానే రక్తనాళాలు ముడుచుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది. ఆ సర్దుబాటు కుంటుపడి, మూడు నిమిషాలలోపు పై పోటు 20 గాని, క్రింది పోటు 10 గాని తగ్గితే దానిని లేచినపుడు కలిగే అల్పపీడనం అంటాము. మాస్టారికి పోటు తగ్గే మాత్ర నేను ఇచ్చాను. మూత్రం సాఫీగా రావడానికి ప్రోస్టేటు మాత్ర మరొక వైద్యుడు ఇచ్చారు. రెండూ రక్తనాళాలను వదులు చేసేవే. రెండింటినీ రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటున్నారు. మందుల మోతాదు, వేళ మార్చాక ఆయన మళ్ళీ పడలేదు. అయితే ఎముక అతికినా ఆయన కుడి మణికట్టు పూర్వంలా తిరగలేదు. ఇప్పటికీ సంతకం వంకరగా పెడతారు. ఆయన నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. ఆ ప్రశ్న మొదటిసారి వచ్చినపుడే నేను అడగవలసింది.

అందుచేత మీకొక మనవి. తల తిరిగినా, కళ్ళు చీకట్లు కమ్మినా, పడిపోయినా వైద్యుని వద్దకు వెళ్ళే ముందు అది ఎప్పుడు జరిగిందో కాగితం మీద వ్రాసుకోండి. పక్క మీద ఒత్తిగిలినపుడు క్షణకాలం తల తిరిగితే లోపలి చెవి కారణం కావచ్చు. లేచి నిలబడినపుడైతే రక్తపుపోటును పడుకుని, నిలబడి రెండు విధాలా చూడమనండి. నడుస్తున్నపుడో బరువు మోస్తున్నపుడో స్పృహ తప్పితే గుండె జబ్బు కాదని తేలే వరకు ఆలస్యం చేయకండి. మీరు వాడే మందులన్నీ, ఎవరు వ్రాసినవైనా, ఒకే సంచిలో వేసుకుని వెళ్ళండి. వాటిని మీ అంతట మీరు మానవద్దు. వైద్యుడు మందుచీటీ వ్రాయబోతుంటే, ఆయన అడగకపోయినా, ‘ఎప్పుడు’ అన్నది మీరే చెప్పండి.