మళ్ళీ కథ మొదటికి!

పోయిన నెలలో తణుకు నుంచి ఒక సోదరి నాకు ఉత్తరం రాసింది. ఉత్తరమంటే కార్డు ముక్క కాదు లెండి, ఫోనులో వచ్చిన నాలుగు వాక్యాలు. "మీ సీరియల్ మూడోవారంలో సుభద్రకి కాఫీ వాసనే పడదని రాశారు. పందొమ్మిదో వారంలో అదే సుభద్ర కిటికీ దగ్గర కూర్చుని, కాఫీ చప్పరిస్తూ వాన చూసింది. మధ్యలో ఏమైనా మందు ఇప్పించారా?" అని అడిగింది.

చదవగానే నా మొహం ఇంతయింది. మూడోవారం సంచిక వెతికి చూసుకున్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఎదురింటి వాళ్ళు కాఫీ కాచుకుంటే సుభద్ర తలుపులు వేసుకుంటుందని కూడా రాశాను నేను!

మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా నేను అదే తలుచుకుని కూర్చుంటే, సెలవులకి వచ్చిన మా అమ్మాయి నవ్వింది. "ఒక్క కాఫీకే ఇంత బాధా అమ్మా? అమెరికా వాళ్ళు ముప్ఫై అయిదేళ్ళుగా ఒకే కార్టూన్ తీస్తున్నారు. అందులో ఇలాంటివి కోకొల్లలు. రా చూపిస్తాను" అంది.

అలా మా ఇంటి హాల్లోకి 'ది సింప్సన్స్' కుటుంబం దిగింది. పసుప్పచ్చటి ఒళ్ళు, గుడ్లగూబ కళ్ళు. మొదటిరోజు నేను పెద్ద ఇష్టంగా చూడలేదు. మూడోరోజుకి పొయ్యిమీద చారు మరిగి ఇగిరిపోయినా లేవలేదు.

మీలో చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. మాట్ గ్రేనింగ్ అనే బొమ్మల రచయిత సృష్టించిన కుటుంబమిది. 1987లో వేరే కార్యక్రమం మధ్యలో చిన్నచిన్న తునకలుగా మొదలై, 1989 డిసెంబరు నుంచి సొంతంగా అరగంట ధారావాహిక అయింది. ఎపిసోడ్లు ఏడువందల యాభై దాటాయి. ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్. ఇంటాయన హోమర్: బట్టతల, బానపొట్ట, అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగం. ఇల్లాలు మార్జ్: తలమీద నీలం గోపురంలాంటి జుట్టు. కొడుకు బార్ట్ పదేళ్ళ పిడుగు, కూతురు లీసా ఎనిమిదేళ్ళ తెలివిగలది, నోట్లో పీకతో చంటిది మాగీ. 1989లో పదేళ్ళవాడు ఇవాళ్టికీ పదేళ్ళవాడే. చంటిది ఇంకా పీక వదల్లేదు.

ఇక తప్పులంటారా, మా అమ్మాయి పట్టిక వేసి మరీ చూపించింది. లీసా ఆ తొలి తునకల్లో అన్నకి తీసిపోని అల్లరిపిల్ల. 1990లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఉన్నట్టుండి శాక్సోఫోన్ వాయిస్తూ, లోకం బాధంతా తనదే అన్నట్టు కూర్చుంది. అప్పటినుంచీ ఆమె అలాగే ఉంది. హోమర్ గొంతే మారిపోయింది. గాత్రదానం చేసే డాన్ కాస్టెల్లనెటా మొదట్లో వాల్టర్ మథావ్ అనే నటుడి గొంతును అనుకరించి, తర్వాత మార్చుకున్నాడట. గొంతుతోబాటు మనిషీ మారాడు. మొదట్లో నలుగురిలో పరువు పోతుందని పిల్లల్ని కసురుకునే మామూలు తండ్రి. పోనుపోనూ అయిదు నిమిషాల క్రితం మాట కూడా గుర్తుండని వెర్రిబాగులవాడు. మళ్ళీ అదే వెర్రిబాగులవాడు కూతురికి గుర్రప్పిల్లని కొనిచ్చి, దాని ఖర్చు కోసం పగలు ఒక ఉద్యోగం, రాత్రి ఒక ఉద్యోగం చేస్తాడు. వయసు కూడా నిలకడ లేదు. ఒకసారి ముప్ఫై ఆరంటారు, ఒకసారి ముప్ఫై తొమ్మిదంటారు. ఈ విషయంలో మాత్రం మావారికి ఆయనంటే గౌరవం కలిగింది.

మరీ చోద్యం ఏమిటంటే, 1991లో చూపించిన కథలో హోమర్, మార్జ్ 1974లో హైస్కూల్లో ప్రేమించుకున్నారు. 2008లో వచ్చిన కథలో అదే జంట 1990లలో పడుచువాళ్ళు! పిల్లలు ఎదగకూడదంటే పెద్దల పడుచుదనం ముందుకు జరగాలి కదా మరి. 1997లో ఇంకో ఘనకార్యం చేశారు. బడి హెడ్మాస్టరు స్కిన్నర్ అసలు స్కిన్నరే కాదు, వేరేవాడి పేరు పెట్టుకు తిరుగుతున్నాడన్నారు. చూసేవాళ్ళు గగ్గోలు పెట్టారు. నిజానికి ఆ ఎపిసోడ్ చివర్లోనే జడ్జిగారు "ఈ సంగతి ఇకమీదట ఎవరూ ఎత్తరాదు" అని తీర్పిచ్చేశాడు. అలాంటి జడ్జి నాకొకడు ఉంటే తణుకు సోదరికి చూపించి ఉండేదాన్ని.

రాసేదాన్ని కనక కారణాలు నాకు త్వరగానే బోధపడ్డాయి. ఒక చెయ్యి రాసిన కథ కాదది, ఎందరెందరో రాసింది. పాతవాళ్ళు పోతారు, కొత్తవాళ్ళు వస్తారు. పైగా ఏ సాయంత్రం ఏ ఎపిసోడ్ చూసినా ఎవరికైనా అర్థం కావాలి. నిన్నటి కథ తెలిస్తేనే ఇవాళ్టి కథ తెలుస్తుందంటే కుదరదు. అందుకని అరగంట కాగానే అన్నీ చెరిపేసి పలక శుభ్రం చేస్తారు. ఏం కొంప మునిగినా సరే, వచ్చేసారి మళ్ళీ అయిదుగురూ పరిగెత్తుకొచ్చి అదే సోఫాలో కూర్చుంటారు.

పక్కింటి నెడ్ ఫ్లాండర్స్ సంగతి నాకు మరీ నచ్చింది. మొదట్లో అతను మంచి పొరుగువాడు. ఇంటిని, పిల్లల్ని శ్రద్ధగా చూసుకుంటాడు. అది చూసి హోమర్‌కి కడుపుమంట. దాంతోబాటు దైవభక్తి కూడా ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ భక్తి ఒక్కటే పెరిగి పెరిగి మనిషినంతా మింగేసింది. ఒక పాత్రలో ఒక్క గుణాన్ని పట్టుకుని సాగదీసి, తక్కినవన్నీ ఎండిపోనివ్వడానికి అతని పేరుమీదే ఇంగ్లీషులో మాట పుట్టింది: ఫ్లాండరైజేషన్. ఈ మాటని కొంచెం గుర్తుపెట్టుకోండి. దీంతో నాకు మళ్ళీ పనుంది.

ఇంతవరకూ నవ్వుకుంటూనే చూశాను. మార్జ్ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

వరసగా చూస్తూ పోతే మార్జ్ ఎన్ని చేసిందో తెలుసా? 1991లో కుంచె పట్టింది. చిన్నప్పుడు బడిలో మాస్టారు నిరుత్సాహపరిస్తే వదిలేసిన విద్య అది. పెద్దయ్యాక తరగతికి వెళ్ళి నేర్చుకుని, ఊళ్ళోకెల్లా ధనవంతుడి బొమ్మ వేసింది. మ్యూజియంలో పెట్టారు. 1992లో నాటకంలో నాయిక వేషం వేసింది. ఆ ఏడాదే అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగమూ చేసింది. 1995లో పోలీసు శిక్షణ పొంది, యూనిఫారం వేసుకుని, తోటివాళ్ళ అవినీతి చూడలేక మానేసింది. 1997లో తినుబండారాల వ్యాపారం పెట్టింది. 2004లో ఏకంగా నవల రాసింది! అందులో నాయిక భర్త అచ్చు హోమర్‌లా ఉన్నాడని ఊరంతా గుసగుసలు. నవలలు రాసే ఆడవాళ్ళకి ఆ చిక్కేమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు. మావారు ఆ ఎపిసోడ్ చూస్తూ నా వైపు రెండుసార్లు తిరిగి చూశారు.

ఇన్నీ చేసిన మనిషి వచ్చేవారం ఎక్కడుంటుంది? వంటింట్లో. కుంచె లేదు, యూనిఫారం లేదు, రెండో నవల ఊసు లేదు. ఇంట్లో ఒక్కళ్ళు కూడా "అప్పుడు అంత బాగా బొమ్మలు వేశావు, ఇప్పుడు వెయ్యవేం?" అనరు.

"హోమర్ సంగతీ అంతేగా అమ్మా. 1994లో రాకెట్ ఎక్కి అంతరిక్షంలోకి వెళ్ళొచ్చాడు. అదీ మర్చిపోయారుగా!" అని వాదించింది మా అమ్మాయి. నిజమే. చెరిపేయడం అందరికీ సమానమే. కానీ చెరిపేశాక ఆయన వెళ్ళేది సోఫాలోకి, ఈవిడ వెళ్ళేది పొయ్యి దగ్గరికి. ఆ తేడా పిల్లకి ఇప్పుడు తెలియదు. గ్రేనింగ్ తన తల్లి మార్గరెట్ పేరే మార్జ్‌కి పెట్టాడని విన్నప్పుడు నాకు మరీ ఏదోలా అనిపించింది.

ఒక్క గుణం మాత్రం చెరగలేదు. 1995లో లీసా మాంసం మానేసింది. ఇప్పటికీ శాకాహారే. ఎందుకో తెలుసా? ఆ ఎపిసోడ్‌లో కనిపించడానికి ఒప్పుకుంటూ బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ ఒక షరతు పెట్టాడు. ఆ అమ్మాయి ఎప్పటికీ శాకాహారిగానే ఉండాలన్నాడు. వాళ్ళు మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు. అంటే గుర్తుపెట్టుకోవడం చేతకాక కాదన్నమాట. పట్టుబట్టి అడిగేవాళ్ళుంటే గుర్తుంటుంది.

మా అత్తగారు కూడా మాతోబాటు కూర్చుని చూసేవారు. ఆవిడకి ఆ ఇంగ్లీషు వేగం అందదు. మనవరాలు కథ చెబుతూంటే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేవారు. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆ నీలం జుట్టు పిల్ల బొమ్మలు బాగా వేసిందన్నావు కదే! మరి ఆ రంగులూ కుంచెలూ ఏం చేసింది? అటకెక్కించిందా?" అని అడిగారు. మేం నవ్వేశాం. ఆవిడ నవ్వలేదు.

రెండురోజులు పోయాక నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రెండు చూపుడువేళ్ళతో టకటక పొడుస్తున్నాను. ఫిల్టరు కాఫీ తెచ్చిచ్చిన అత్తగారు కాసేపు నా వెనకే నిలబడ్డారు. "అమ్మాయ్, కోడి గింజలు ఏరుకున్నట్టు ఆ పొడవడమేమిటి? వేళ్ళు అన్నీ పెట్టాలి. చిటికెనవేలు ఏ మీద, పక్కవేలు ఎస్ మీద..." అన్నారు.

నేను తెల్లబోయి చూశాను. "మీకు టైపు వచ్చా అత్తయ్యా?"

"1971లో లోయరు ఫస్టుక్లాసులో పాసయ్యాను" అన్నారు, ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. 1988లో ఏలూరులో మా మామగారికి కాలు విరిగింది. నాలుగు నెలలు మంచం మీదే. ప్రైవేటు కొలువు, జీతం ఆగిపోయింది. అత్తగారు ఇన్‌స్టిట్యూట్ నుంచి మిషను అద్దెకు తెచ్చుకుని, ప్లీడర్ల కాగితాలు పేజీకింతని టైపు చేసి ఇల్లు గడిపారు. పొద్దున్నే కోర్టుకి తనే వెళ్ళి కాగితాలు తెచ్చుకోవడం, సాయంత్రం తనే వెళ్ళి ఇచ్చిరావడం. బాంకు పనీ తనదే, ఆస్పత్రి పనీ తనదే. మామగారు లేచి నడిచిన వారానికి మిషను తిరిగి ఇచ్చేశారు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది! మళ్ళీ కథ మొదటికే. ఆయనొచ్చారుగా" అన్నారు.

సాయంత్రం మావారిని అడిగాను. అప్పటికి ఆయన ఎనిమిదో తరగతి. "అవును, ఇంట్లో రాత్రిపూట ఏదో టకటకమని చప్పుడు వస్తూండేది. లెక్కలు చేసుకోనివ్వడం లేదని విసుక్కున్నాను కూడా" అన్నారు. కాసేపు ఊరుకుని, "అది అమ్మా?" అన్నారు.

ఈ మాటన్నది ఎవరనుకున్నారు! "అమ్మకి భయం, ఒక్కర్తినీ బాంకుకి పంపకు" అని నాకు పెళ్ళయిన కొత్తలో చెప్పిన మనిషే. నేనూ నమ్మాను. ఇరవైరెండేళ్ళుగా ఈ ఇంట్లో ఆవిడ గుణం అదొక్కటే: భయస్తురాలు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికి పనికొస్తుంది. ఫ్లాండర్స్ భక్తిని సాగదీసింది అమెరికా రచయితలు. మా అత్తగారి భయాన్ని సాగదీసింది మేమే. నేను ఇప్పటిదాకా రాసిన నవలల్లో అత్తగార్లందరినీ వరసగా తలుచుకున్నాను. ఒక్కావిడ కూడా వంటింటి గడప దాటి కోర్టు మెట్లెక్కలేదు.

తణుకు సోదరికి ఆ రాత్రే జవాబు రాశాను. "తప్పు నాదే. సుభద్ర కాఫీ గురించి నాకు గుర్తులేకపోయినా మీకు గుర్తుంది. మీలాంటి వాళ్ళు ఒక్కరున్నా ఆడదాని సంగతులు చెరిగిపోవు" అని. ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు. రెండు నమస్కారాల బొమ్మలు పంపింది.

మర్నాడు మా అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి నాన్నమ్మ ముందు పెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు కొడుతూంటే తెలుగు పడే పద్ధతి చూపించింది. "ఇప్పుడెందుకులేవే, పొయ్యిమీద పప్పుంది" అన్నారావిడ. "పప్పు అమ్మ చూసుకుంటుంది. నువ్వు కూర్చో" అంది పిల్ల. నేను కిక్కురుమనకుండా వంటింట్లోకి నడిచాను.

మొదటిరోజు ఒత్తులూ దీర్ఘాలూ తడబడ్డాయి. నాలుగోరోజుకి ఆవిడ కీలవైపు చూడటం మానేశారు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసం నేను చెబుతూంటే ఆవిడ టైపు చేసిందే. "ఇందులో అభిప్రాయ దోషాలుంటే నావి, అచ్చుతప్పులుంటే మా అత్తగారివి" అని ముగిద్దామనుకున్నాను. ఆవిడ ఆ వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకుని, మొత్తం పైనుంచి కిందిదాకా చదివారు.

"అచ్చుతప్పులేం లేవు. ఆ ముక్క కొట్టెయ్" అన్నారు.