రెండో పట్టా

ఖరగ్‌పూర్‌లో మా తెలుగు చర్చికి ఆదివారం పొద్దున వచ్చే మగవాళ్ళలో సగంమంది నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చేవాళ్ళే. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో గ్రీజు ఉండేది. ప్రసంగం మొదలయ్యేసరికి ఒకరిద్దరి తల వాలిపోయేది. అలా కునికేవాళ్ళలో కూడా మా నాన్న కనిపించేవాడు కాదు. చాలా ఆదివారాలు ఆయనకు డ్యూటీ. మగవాళ్ళ వైపు చాప మీద ఒంటరిగా కూర్చున్న నన్ను చూసి ఓ పెద్దాయన, "మీ నాన్న దేవుడికి బాకీ పడిపోతన్నాడ్రా" అన్నాడు. అప్పటికి నాకు పదేళ్ళు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పుతీరపు లైను 1902లో దాని చేతికి వచ్చింది. మా ఊరి పొలాల మీదుగా పోయే రైలుకీ, ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకీ యజమాని ఒక్కడే అయ్యాడు. వానలు ముఖం చాటేసిన ఏడు, ఆ రైలెక్కి వచ్చేశాడు మా తాత. ఆయనలా వచ్చినవాళ్ళతో మథురాకాటీ, నింపురా, గోల్‌బజార్ చుట్టుపక్కల గల్లీలన్నీ తెలుగు మాటలతో నిండిపోయాయి.

మాకు నాలుగు భాషలు. బజారులో బెంగాలీ, డ్యూటీలో హిందీ, ఇంట్లో శ్రీకాకుళం యాస. నాలుగోది బైబిల్ తెలుగు. అది ప్రార్థనకు మాత్రమే బయటికి వచ్చేది, పెట్టెలోని పెళ్ళిపంచెలాగా. "ఏటి", "నాను" అంటూ మాట్లాడే నాన్న చర్చిలో లేచి నిలబడితే చాలు, "దయచేయుదువు గాక" అని వేరే మనిషైపోయేవాడు. దేవుడంటే పెద్ద ఆఫీసరు కాబోలు, అర్జీ ఆయన భాషలోనే పెట్టుకోవాలి కాబోలు అనుకునేవాణ్ణి.

నాన్న కీమేన్. అయిదారు కిలోమీటర్ల లైను రోజూ నడిచి చూడడం ఆయన పని. భుజాన సుత్తీ, స్పానరూ, ఎర్రజెండా, పచ్చజెండా. పట్టాను బిగించి ఉంచే తాళాలు ఊడాయేమో చూసి కొట్టాలి, అతుకుల దగ్గర బోల్టు వదులైతే బిగించాలి. వెళ్ళేటప్పుడు ఒక పట్టా వెంట, వచ్చేటప్పుడు రెండో పట్టా వెంట. "మొదటి పట్టా ఎవడైనా సూత్తాడు. రెండోదాని కాడే మనిషి తెలుస్తాడు" అనేవాడు. వచ్చేటప్పటికి ఎండ నెత్తికెక్కుతుంది, కాళ్ళు పీకుతాయి, చూపు ఇంటి వైపు లాగుతుంది.

ఒకసారి సెలవుల్లో క్యారియర్ పట్టుకుని లైను దగ్గరికి వెళ్ళాను. నాన్న గొంతుక్కూర్చుని బోల్టు బిగిస్తున్నాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. "ఇది నిన్ననే బిగించీసినాను ప్రెభువా, మళ్ళీ ఒదిలీసింది సూడు. నీకు తెలవదా ఏటి, సుత్తి పట్టినోడివే గదా!"

మా యాసలో! అచ్చం పక్క క్వార్టరు మావయ్యతో మాట్లాడినట్టు!

యేసు వడ్రంగి అని సండే స్కూల్లో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. ఇంచుమించు ముప్పయ్యేళ్ళ వయసులో ఆయన బోధ మొదలుపెట్టాడని లూకా రాశాడు. అంతకుముందు నజరేతులో గడిచిన ఏళ్ళ గురించి సువార్తలు చెప్పింది బహు తక్కువ. ఎన్ని కాడిమానులు చెక్కాడో, ఏ తలుపు బిగుసుకుపోయి మళ్ళీ సరిచేశాడో ఎవరూ రాసిపెట్టలేదు. నాన్నకు క్రీస్తుతో చుట్టరికం కుదిరింది ఆ రాయని ఏళ్ళలోనే అనుకుంటాను. పనివాడికి పనివాడి దగ్గర గ్రాంథికం దేనికి?

నడకలో నాన్న కూనిరాగాలన్నీ పురుషోత్తమ చౌధరి కీర్తనలే. ఆయన 1803లో పుట్టిన బెంగాలీ బ్రాహ్మణుడు, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందాడు. మనం తరతరాలుగా రాగమూ తాళమూ చూసుకుని పాడుకునే తెలుగు క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో ఆయనవి. గ్యాంగులోని బెంగాలీ మిత్రుడొకాయన, "మీ దేవుడి పాట మాకు అర్థం కాదు దాదా" అన్నాడట. "మీవోడే రాసేడు, నువ్వే నేర్సుకోలేదు" అన్నాడట నాన్న. బెంగాలీ ఇంటి బిడ్డ తెలుగులో పాట కడితే, తెలుగు కూలీ దాన్ని బెంగాల్ పట్టాల మీద పాడుకున్నాడు. దేవుడి దగ్గరితనానికి ఒక భాషంటూ లేదని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

ఒక శ్రావణమాసపు సాయంత్రం నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చున్నాడు. ప్రార్థనకు కళ్ళు మూసుకుని, మధ్యలోనే తెరిచాడు. లేచి చొక్కా వేసుకున్నాడు. రెండో పట్టా మీద ఓ అతుకు చూశానో లేదో గుర్తు రావడం లేదన్నాడు. బయట వాన దంచేస్తోంది.

"ఇప్పుడెవలు సూసొచ్చీరు? కూడు సల్లారిపోతాది" అంది అమ్మ.

"నాను సూడలేదు గదే" అన్నాడు నాన్న, టార్చి తీసుకుని.

రెండు గంటల తర్వాత తడిసి ముద్దై వచ్చాడు. "ఏటైంది?" అనడిగింది అమ్మ. "బాగానే ఉంది" అన్నాడు. ఆగిపోయిన ప్రార్థన పూర్తి చేసి, చల్లారిన అన్నమే తిన్నాడు.

నేను పట్టాల దాకా పోలేదు. బల్ల ముందు ఉద్యోగం. ఓ ఏడాది చివర్లో గోదాములో సరుకు లెక్కచూసినట్టు సంతకం పెట్టాల్సి వచ్చింది. పోయినేటి అంకెలే దించెయ్యమన్నారు తోటివాళ్ళు, ఏటా అంతేనట. ముందటేడు నేనూ అలాగే పెట్టాను. ఎవరూ అడగలేదు. మరుసటి ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడాను కూడా, ఏ బాకీ లేనివాడిలా.

ఈసారి కలం కాగితం మీద ఆనించాక, ఎందుకో నోటిలోపల ప్రార్థన కదిలింది. ఎప్పటిలా "ప్రభువా, నీ దాసుడనైన నేను" అని మొదలుపెట్టాను. ముందుకు సాగలేదు. కాసేపటికి నా ప్రమేయం లేకుండానే మా ఇంటి మాట వచ్చింది: "నాను సూడలేదు ప్రెభువా."

కలానికి మూత పెట్టి, గోదాము తాళంచెవి అడిగాను.