పాత ఇల్లు కొనేముందు దానికీ ఒక వైద్య పరీక్ష



పదవీ విరమణ తరువాత సొంత ప్రాంతంలో ఒక పాత ఇల్లు కొని, బాగు చేయించుకుని ఉండాలన్న కోరిక మనలో చాలామందికి ఉంటుంది. ధర, దస్తావేజులు, ఈసీ అన్నీ జాగ్రత్తగానే చూస్తాం. ఆ ఇల్లు మన ఆరోగ్యానికి సరిపడుతుందా అన్న ప్రశ్న మాత్రం గృహప్రవేశం అయ్యాక గాని తోచదు.

రోగిని చూసే వైద్యుడు మొదట తేల్చుకోవలసింది, అది నయమయ్యే జబ్బా కాదా అన్నది. ఇంటి విషయంలోనూ అంతే.

కొన్నేళ్ళ క్రితం కోనసీమలో ఒక మండువా లోగిలి అమ్మకానికి వస్తే నేనూ, నా శ్రీమతీ చూడబోయాం. టేకు స్తంభాలు, పెంకుల కప్పు, పెరట్లో నుయ్యి. ఆమెకు ఎంతో నచ్చింది. అయితే ఆమెకు చిరకాలంగా ఉబ్బసం ఉంది. గోడలకు కొత్త రంగు వేసినా, నేల నుంచి మూడడుగుల వరకు పొరలు లేచి తెల్లని ఉప్పు పేరుకుంది. అది కప్పు కారడం వల్ల వచ్చిన చెమ్మ కాదు, భూమిలోని నీరు గోడల్లోకి ఎగబాకడం వల్ల వచ్చినది. వీధిలోకి వచ్చి చూస్తే కారణం తెలిసింది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇంటి అరుగు వీధి కన్నా జానెడు కిందికి అయిపోయింది. వాన నీరంతా ఆ ఇంటికే చేరుతుంది.

పెంకులు మార్చవచ్చు, రోడ్డును దించలేం. జాకీలతో ఇల్లు పైకెత్తడం ఆ పాత గోడలకు ప్రమాదమని మేస్త్రీ చెప్పాడు. చెమ్మ ఉన్నచోట బూజు పడుతుంది. చెమ్మకూ ఉబ్బసానికీ గల సంబంధాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే స్పష్టం చేసింది. ఆ ఇల్లు వదులుకున్నాం. నా శ్రీమతి వారం రోజులు ముభావంగా ఉంది.

మీరు చూడవలసినవి ఇవి:

చెమ్మ: ఇంటిని వానాకాలంలో చూడండి. సున్నపు గోడ మీద సిమెంటు పూత పూస్తే చెమ్మ పోదు, లోపలే చిక్కుకుంటుంది.

సిమెంటు రేకులు: పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. చెక్కుచెదరని రేకుతో ప్రమాదం తక్కువ. కోసినా, పగలగొట్టినా, రంధ్రాలు చేసినా వెలువడే నూలు పోగులవంటి ధూళి దశాబ్దాల తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీయవచ్చు. తీయించేటప్పుడు నీటితో తడిపి, పగలకుండా దింపించండి.

పాత రంగులు: మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందటి తలుపులను పొడిగా గీకించవద్దు. ఆ ధూళి మనవల మెదడు ఎదుగుదలకు చేటు.

నుయ్యి: మరుగుదొడ్డి గుంతకు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి.

విద్యుత్తు: వైరింగు మార్పించి, ఎర్తింగుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.

గడపలు, మెట్లు: రాత్రివేళ పెరటి మరుగుదొడ్డికి నడిచే దారిని మీ మోకాళ్ళతో ఊహించుకోండి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం కష్టం.

బేరమాడే ముందు ఒక కాగితం మీద ఇంట్లోవారి జబ్బులు రాయండి. పక్కన, ఆ ఇంటికి డబ్బుతో నయం కాని లోపాలు రాయండి. ఆ రెండింట్లో ఏ ఒక్కటి ఒకదానికొకటి తగిలినా, ధర ఎంత తక్కువైనా వదిలేయండి. తగలకపోతే నిశ్చింతగా మేస్త్రీని పిలవండి.