పాలు ముందా, ఆవకాయ ముందా?

ట్రంకుకాల్ రోజులు ఎరిగినవారికి ఒక సంగతి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మద్రాసుకో, హైదరాబాదుకో మాట్లాడాలంటే నంబరు బుక్ చేసుకుని కూర్చోవాలి. మామూలు కాల్ అయితే ఎప్పటికి కలుస్తుందో దేవుడికే ఎరుక. అర్జెంటు అంటే రెట్టింపు రుసుము. లైట్నింగు అంటే ఎనిమిది రెట్లు. బియ్యం ధర కనుక్కోవడానికైనా సరే, ఎనిమిది రెట్లు ఇచ్చినవాడిది ముందు. తల్లికి ప్రాణం మీదికి వచ్చిందన్న కబురైనా సరే, మామూలు రుసుము కట్టినవాడిది వెనక. తొందర అన్నది డబ్బిచ్చి కొనుక్కునే సరుకన్నమాట!

తీగ లేకుండా నడిచే వార్తల్లో కూడా మొదట్లో ఇంచుమించు ఇదే న్యాయం. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడలో జాక్ ఫిలిప్స్ అనే వైర్‌లెస్ ఆపరేటరు, ప్రయాణీకులు డబ్బు కట్టి ఇచ్చిన సొంత కబుర్లను కేప్ రేస్ స్టేషనుకు పంపుతూ తలమునకలుగా ఉన్నాడు. అంతలో కాలిఫోర్నియన్ అనే ఓడ నుంచి, తాము మంచు మధ్య ఆగిపోయామని ఎవరో చెప్పబోయారు. పనిలో ఉన్నాను, అడ్డు రావద్దని ఫిలిప్స్ కసిరాడు. అవతలి ఆపరేటరు కాసేపు చూసి, యంత్రం కట్టేసి పడుకున్నాడు. 11-40 గంటలకు టైటానిక్ మంచుకొండకు గుద్దుకుంది. సుమారు 1,500 మంది పోయారు. చివరిదాకా సాయం కోసం పిలుస్తూనే ఉన్న ఫిలిప్స్ కూడా వారిలో ఒకడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అందరికీ ఉన్నది ఒకటే గాలి. అందులో ఏ మాట ఆగాలో, ఏ మాట పోవాలో గట్టిగా కట్టుబాటు లేకపోయింది.

తరవాత కట్టుబాటు వచ్చింది. ఓడల వైర్‌లెస్ గదుల్లో గడియారం ముఖం మీద రెండు చోట్ల ఎర్రరంగు పూసి ఉండేది. ప్రతి గంటలోనూ 15 నుంచి 18వ నిమిషం దాకా, మళ్ళీ 45 నుంచి 48 దాకా, ఆపదలో పిలిచే ఆ ధ్వనిమార్గం మీద అందరూ నోరు మూసుకుని వినవలసిందే. ఆ పద్ధతి 1999లో కొత్త ఏర్పాటు పూర్తిగా అమలయ్యేదాకా నడిచింది. ఎందరి ప్రాణాలకో అది అండ. కాని ఎవరికీ ఏ ఆపదా లేకపోయినా గంటకు 6 నిమిషాలు దారి ఖాళీగా ఉండవలసిందే గదా!

ఇక ఇవాళ్టి మా ఇంటికి రండి. గోడకు ఒక వైఫై పెట్టె. సాయంత్రమయ్యేసరికి కోడలు ఆఫీసు మీటింగులో ఉంటుంది. మనవడు సినిమా చూస్తూంటాడు. మనవరాలి ఫోనులోకి ఏదో ఆట దిగుతూంటుంది. నేను విశాఖపట్నంలోని మా అక్కయ్యతో మాట్లాడుతూంటాను. నలుగురికీ ఒకటే గాలి. ఇద్దరు ఒక్కసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. అందుకని ప్రతి యంత్రమూ మొదట చెవి ఒగ్గి వింటుంది. దారి ఖాళీ అయితే మనసులో ఒక అంకె అనుకుని, అంతవరకూ లెక్కపెట్టి, అప్పుడు నోరు విప్పుతుంది. ఒక్కొక్క లెక్కకు 9 మైక్రోసెకన్లు.

2005లో పెద్దలు ఇందులో నాలుగు తరగతులు ఏర్పరచారు: మాట, బొమ్మ, మామూలు పని, తీరికపని. మాట అని గుర్తున్న ముక్క మొదటిసారి 0 నుంచి 3 లోపల అంకె అనుకుంటే చాలు. మామూలు ముక్క 0 నుంచి 15 లోపల ఏదో ఒకటి అనుకుంటుంది. పైగా లెక్క మొదలు పెట్టేముందు ఇంకొంచెం ఆగుతుంది. ఒక్కోసారి అదృష్టం బాగుండి మామూలుదే ముందు దాటుతుంది కూడా.

ఇంతకీ మాటకు ఈ మర్యాద దేనికి? నేను పెద్దవాణ్ణనా? కాదండీ. ఇంట్లో పాలూ ఉంటాయి, ఆవకాయా ఉంటుంది. ఇల్లాలు పొద్దున్నే పాలు ముందు కాస్తుంది. ఆవకాయ తక్కువదనా? పాలు ఆగితే విరుగుతాయి, ఆవకాయ ఏడాదైనా ఆగుతుంది. అల్లాగే ఫోనులో మన మాట సెకనుకు 50 చిన్న ముక్కలై పోతూంటుంది. ముక్క ఆలస్యమైతే ఇక పనికిరాదు, సంభాషణ తడబడుతుంది. మనవరాలి ఆట పది నిమిషాలు ఆలస్యంగా దిగినా చెక్కుచెదరదు. పైగా మాట ముక్కలు ఎంతో చిన్నవి. వాటికి దారి ఇచ్చినందువల్ల సినిమాకు వచ్చే నష్టం స్వల్పం.

అయితే అందరూ మేమూ పాలమే అంటే? అక్కడే ఉంది చిక్కు. 0 నుంచి 3 దాకా ఉన్నవి నాలుగే అంకెలు. పదిమంది అందులోంచే ఏరుకుంటే ఒకే అంకె ఇద్దరికి తగులుతుంది. ఇద్దరూ ఒక్కసారి నోరు విప్పుతారు. ఇద్దరి ముక్కలూ పాడు. అందరూ తొందరవాళ్ళయిన చోట ఎవరి పనీ జరగదు.

5జీలో ఇంకో ఉపాయం ఉంది. అత్యవసరం కోసం దారిని ఊరికే ఖాళీగా ఉంచరు. పెద్ద సరుకు పోతూ ఉండగానే, యంత్రాన్ని ఆపమన్న ఆజ్ఞవంటి చిన్న కబురు వస్తే, సరుకులో ఒక పిసరు తొలగించి దీన్ని దూర్చేస్తారు. ఆ తరవాత సరుకు అందుకునేవాడికి ఫలానాచోట నీది కానిది ఉందని చెప్పి, చెడిన భాగం మళ్ళీ పంపుతారు. అటువంటి కబురుకు వారు పెట్టుకున్న గురి 32 బైట్లు, ఒక మిల్లీసెకను, లక్షకు ఒకటి మించి తప్పకూడదు.

ఈ లెక్కలన్నీ నాకు ఊసుపోకకు పట్టుబడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేసిన నాడు అక్కయ్య అక్కడే ఉంది. సెల్ స్తంభాలు చాలామటుకు మూగపోయాయి. మిగిలిన కొద్దిపాటి దారి మీద ఊరూ వాడా ఒక్కసారిగా పడ్డాయి. రాజమండ్రిలో మేము గంటగంటకూ నంబరు నొక్కుతూనే ఉన్నాం. కలవలేదు. ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మూడోరోజు పొద్దున్న ఫోను ఒక్కసారి టింగుమంది: “అందరం క్షేమం. మామిడిచెట్టు పడిపోయింది.”

ఫోను కలవని చోట ఆ రెండు ముక్కలు ఎల్లా దూరి వచ్చాయి? ఎస్సెమ్మెస్‌కు 140 బైట్లు మించి జాగా అక్కరలేదు. మాటకోసం దారి పట్టుకుని కూర్చోదు. సెల్ యంత్రాలు తమలో తాము సైగలు చేసుకునే సన్నదారిలో పోతుంది. దారి లేకపోతే కాచుకుని ఉండి, సందు దొరగ్గానే చేరుతుంది.

అందుచేత తుఫాను కాలంలో నా మనవి ఒక్కటే. ప్రాణాపాయం లేనివారు రెండు ముక్కల్లో క్షేమం రాసి పంపి, ఫోను పక్కన పెట్టండి. తీరిగ్గా చెప్పుకోవలసిన కబుర్లు ఆవకాయలాంటివి, నాలుగు రోజులు ఆగుతాయి. మీరు వదిలిన ఆ కాస్త దారిలో, నీళ్ళలో చిక్కుకున్నవారెవరో 112కు చేసిన పిలుపు అందుతుంది.